వీణ శ్రుతి ప్రాజెక్టుకి ఏ సాఫ్ట్‌వేర్? మ్యాట్‌ల్యాబ్‌లో బాగున్న ఫిల్టర్ బోర్డులో ఎందుకు చెడింది?

రాజాం దగ్గర ఈసీఈ చివరి ఏడాది చదువుతున్న ఒక తమ్ముడి ప్రశ్న, క్లుప్తంగా: వాళ్ల బ్యాచ్ బొబ్బిలి వీణకు శ్రుతి చూపించే చిన్న పరికరం చేస్తోంది. కాలేజీ ల్యాబ్‌లో మ్యాట్‌ల్యాబ్ ఉంది, ఇంట్లో 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్. మ్యాట్‌ల్యాబ్‌లో 80 హెర్ట్జ్ హైపాస్ ఫిల్టర్ (అంతకంటే కింది పౌనఃపున్యాలను తగ్గించేది), దాని వెనక ఎఫ్‌ఎఫ్‌టీ (ధ్వనిలో ఏ పౌనఃపున్యం ఎంత ఉందో విడదీసే లెక్క) పెట్టి చూస్తే అంతా బాగుంది. అదే ఫిల్టర్‌ని ఎస్‌టీఎం32ఎఫ్4 మైక్రోకంట్రోలర్ బోర్డులో సీఎంసిస్-డీఎస్‌పీ లైబ్రరీతో వేస్తే సీరియల్ మానిటర్‌లో ఇన్ఫ్ (అనంతం), మైనస్ ఇన్ఫ్ అని ఒకదాని తర్వాత ఒకటి పడుతోంది. క్యూ15కి (16 బిట్ల భిన్న సంఖ్యల పద్ధతికి) మారిస్తే ఇన్ఫ్ పోయింది కానీ విలువలు ఈ చివర నుంచి ఆ చివరకు కొట్టుకుంటున్నాయి. ఆక్టేవ్, సైల్యాబ్, పైథాన్, సిమ్యులింక్‌లలో ఏది వాడితే సిమ్యులేషన్‌కీ బోర్డుకీ ఈ తేడా రాదు? రివ్యూ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

తమ్ముడూ, వీటిలో ఏది వాడినా ఈ తేడా వస్తుంది. నువ్వు మ్యాట్‌ల్యాబ్‌లో సిమ్యులేట్ చేసింది పుస్తకంలో ఉన్న ఫిల్టర్‌ని, నీ బోర్డుని కాదు. బోర్డులో జరిగేది జరిగినట్టు ల్యాప్‌టాప్‌లో జరిపించగలిగితే పని సగం అయిపోయినట్టే. ఆ పనికి పైథాన్ నీకు బాగా సరిపోతుంది. ఎందుకో కింద చెప్తాను. ముందు నీ ఇన్ఫ్ సంగతి చూద్దాం, రివ్యూకి అది తేలాలి కదా.

8000 హెర్ట్జ్ శాంప్లింగ్‌లో 80 హెర్ట్జ్ రెండో ఆర్డర్ బటర్‌వర్త్ హైపాస్‌కి మ్యాట్‌ల్యాబ్ అయినా, పైథాన్ సైపై అయినా ఇచ్చే కోఎఫిషియంట్లు ఇవి: బీ వైపు 0.9565, మైనస్ 1.9131, 0.9565. ఏ వైపు 1, తర్వాత ఏ1 మైనస్ 1.9112, ఏ2 0.9150. ఈ రెండు సాఫ్ట్‌వేర్లూ వెనకటి అవుట్‌పుట్లను ఏ1, ఏ2లతో గుణించి తీసేస్తాయి. సీఎంసిస్-డీఎస్‌పీ బైక్వాడ్ (రెండో ఆర్డర్ ఫిల్టర్ ఫంక్షన్) మాత్రం కలుపుతుంది. అంటే లైబ్రరీకి ఇచ్చేటప్పుడు ఏ1, ఏ2 గుర్తులు రెండూ తిప్పాలి: ప్లస్ 1.9112, మైనస్ 0.9150. నువ్వు మ్యాట్‌ల్యాబ్ నుంచి ఉన్నవి ఉన్నట్టు తీసుకెళ్లి పెట్టావని నా నమ్మకం. అలా పెడితే ఫిల్టర్ పోల్ ఒకటి (పరిమాణం 1 దాటితే అవుట్‌పుట్ ఆగకుండా పెరుగుతుంది) మైనస్ 2.3 దగ్గరకు వెళ్లిపోతుంది. ప్రతి శాంపిల్‌కీ విలువ గుర్తు మారుతూ రెండు రెట్లకు పైగా పెరుగుతుంది. చాలా చిన్న సంకేతంతో మొదలైనా 120 శాంపిల్స్ దాటకముందే, అంటే 15 మిల్లీసెకన్లలో, సింగిల్ ప్రెసిషన్ ఫ్లోట్ పట్టుకోగల హద్దు దాటిపోతుంది. నీకు ఇన్ఫ్ ఒక్కటే కాకుండా ఇన్ఫ్, మైనస్ ఇన్ఫ్ అని మార్చి మార్చి పడటమే దీనికి ఆనవాలు. పోల్ రుణ సంఖ్య కాబట్టి గుర్తు అలా మారుతోంది. క్యూ15లో ఇన్ఫ్ అనేది లేదు, విలువ హద్దు దగ్గర ఆగిపోతుంది. అందుకే అక్కడ చివర నుంచి చివరకు కొట్టుకుంటోంది. జబ్బు మాత్రం అదే.

గుర్తు సరిచేశాక ఫ్లోట్ వెర్షన్ పనిచేస్తుంది. క్యూ15 వెర్షన్‌లో ఇంకో రెండు గోతులు ఉన్నాయి. క్యూ15 పట్టేది మైనస్ 1 నుంచి 1కి కొంచెం తక్కువ వరకే. 1.9112 అందులో పట్టదు, కాబట్టి కోఎఫిషియంట్లు అన్నిటినీ సగం చేసి పోస్ట్‌షిఫ్ట్ 1 అని (జవాబుని మళ్లీ రెట్టింపు చేయమని) ఇవ్వాలి. అప్పుడు ఏ1 స్థానంలో 31313, ఏ2 స్థానంలో మైనస్ 14991 వస్తాయి. రెండోది, క్యూ15 బైక్వాడ్‌కి ఒక్కో స్టేజికి ఐదు కాదు, ఆరు సంఖ్యలు కావాలి. బీ0 తర్వాత ఒక సున్నా, ఆ తర్వాతే బీ1. ఆ సున్నా మర్చిపోతే తక్కినవన్నీ ఒక స్థానం పక్కకు జరిగిపోతాయి, కంపైలర్ ఏమీ అనదు. ఇంకొకటి కూడా గుర్తుంచుకో: ఎఫ్‌ఐఆర్ (వెనకటి అవుట్‌పుట్లను వాడని ఫిల్టర్) ఫంక్షన్లలో ఈ లైబ్రరీ కోఎఫిషియంట్లను వెనక నుంచి ముందుకు అడుగుతుంది. సిమెట్రిక్ ఫిల్టర్ అయితే ఆ తేడా కనపడదు. కనపడకపోవడం వల్లే చాలామందికి అది తెలియకుండా ఉండిపోతుంది.

అసలు క్యూ15 ఎందుకు? నీ బోర్డులోని కార్టెక్స్-ఎం4లో సింగిల్ ప్రెసిషన్ ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ ఉంది. 8 కిలోహెర్ట్జ్ ఆడియోకి అది చాలా ఎక్కువ. ఫ్లోట్‌లోనే ఉండు. ఒక్కటే జాగ్రత్త, సీ కోడ్‌లో 1.9112 అని రాస్తే అది డబుల్, ఆ లెక్క సాఫ్ట్‌వేర్‌లో నెమ్మదిగా సాగుతుంది. చివర ఎఫ్ అక్షరం పెట్టాలి.

ఇప్పుడు ఆ 80 హెర్ట్జ్ అనే అంకె దగ్గరకు వద్దాం. ఫిల్టర్ సరిగ్గా పనిచేసినా నీకు మేలు చేయదు. వీణకు వాయించే తీగలు నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. సారణి షడ్జం 165 హెర్ట్జ్ చుట్టూ ఉందనుకుంటే, పంచమం తీగ 124, మంద్ర షడ్జం 82, అనుమంద్ర పంచమం 62 హెర్ట్జ్ చుట్టూ పడతాయి. నీ హైపాస్ 62 దగ్గర ఫండమెంటల్‌ని (తీగ అసలు పౌనఃపున్యాన్ని) దాదాపు 6 డెసిబెల్స్ తగ్గిస్తుంది. ఎవరికోసం దాన్ని పెట్టావో ఆ 50 హెర్ట్జ్ కరెంటు రొదని తగ్గించేది 9 డెసిబెల్స్ మాత్రమే. కావాల్సిన తీగనీ వద్దనుకున్న రొదనీ దాదాపు ఒకే మోతాదులో కోస్తోందన్నమాట. మ్యాట్‌ల్యాబ్‌లో అది బాగున్నట్టు కనపడటానికి కారణం, నువ్వు పరీక్షించింది 200 హెర్ట్జ్ లాంటి సైన్ వేవ్‌తో అయి ఉంటుంది.

కాబట్టి నా మొదటి సలహా ఏ డిజైన్ సాఫ్ట్‌వేరూ కాదు, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. ఉచితం, నీ ల్యాప్‌టాప్‌లో హాయిగా నడుస్తుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేసేవాళ్లు ఉన్నారు. విజయనగరంలో 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఉంది. నువ్వు ఉన్నది ఆ రెండింటికీ దగ్గరలోనే. అడిగి, అనుమతి తీసుకుని, నీ ప్రాజెక్టులో వాడబోయే అదే మైకుతో నాలుగు తీగలనూ విడివిడిగా మీటించి రికార్డు చేసుకో. ఒక తీగ మీటుతున్నప్పుడు తక్కినవాటిని చేత్తో పట్టమను, లేకపోతే అవి కూడా తోడు మోగుతాయి. శ్రుతి సరిగ్గా ఉన్నవే కాదు, బిరడ కొంచెం వదులు చేసి శ్రుతి తప్పించినవి కూడా తీసుకో. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు ఒకటి, ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు ఒకటి. ఇంటర్నెట్‌లో దొరికే శుభ్రమైన వీణ ధ్వనులతో ఎంత సిమ్యులేషన్ చేసినా నీ పరికరం గురించి అది చెప్పేది తక్కువ.

ఇదే పొరపాటు వేరే రూపంలో ఈసీజీ ప్రాజెక్టుల్లో తరచూ చూస్తుంటాను. చాలామంది ఫిజియోనెట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే ఎంఐటీ-బీఐహెచ్ ఈసీజీ డేటా తీసుకుని, పుస్తకంలో ఉంది కదా అని 50 హెర్ట్జ్ నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క పౌనఃపున్యం చుట్టూ మాత్రమే కోసేది) వేస్తారు. ఆ రికార్డులు అమెరికావి, అక్కడ కరెంటు 60 హెర్ట్జ్. లేని రొదని తీసేసి, ఉన్నదాన్ని వదిలేసి, ముందు తర్వాత అని రెండు గ్రాఫులు పెడతారు. సాఫ్ట్‌వేర్ చెప్పిన పని చేసింది, తప్పు ఇచ్చిన డేటాలో ఉంది.

ఆడాసిటీలో రికార్డింగ్ తెరిచి స్పెక్ట్రమ్ చూడు. మంద్రం తీగల్లో ఫండమెంటల్ కంటే రెండో, మూడో హార్మోనిక్ (దానికి రెండు, మూడు రెట్ల పౌనఃపున్యం) ఎత్తుగా కనిపిస్తే కంగారు పడకు. చిన్న మైకులు కింది స్వరాన్ని అంత బాగా పట్టవు, వీణ కూడా పై హార్మోనిక్స్ ఎక్కువగా ఇచ్చే వాద్యమే. తంబురా, వీణలలో తీగ ఆనే బ్రిడ్జి వంపుగా ఉండటం వల్ల, మీటిన చోటును బట్టి రాకూడని హార్మోనిక్స్ కూడా వినపడతాయని సి.వి. రామన్ 1921లోనే రాశారు. నీ పరికరం దృష్ట్యా దీని అర్థం, ఎఫ్‌ఎఫ్‌టీలో అన్నిటికంటే ఎత్తైన శిఖరాన్ని పట్టుకుంటే శ్రుతి ఒక స్థాయో, అంతకంటే ఎక్కువో పైన చూపిస్తుంది.

ఎఫ్‌ఎఫ్‌టీకి ఇంకో ఇబ్బంది ఉంది. 8000 శాంప్లింగ్‌లో 1024 పాయింట్లు తీసుకుంటే ఒక్కో గడి 7.8 హెర్ట్జ్. ఒక స్థాయిని 1200 సెంట్లుగా లెక్కేస్తారు కదా, 165 దగ్గర 5 సెంట్లంటే అర హెర్ట్జ్ కూడా లేదు. అనుమంద్రంలో 0.18 హెర్ట్జ్ మాత్రమే. శిఖరం పక్కనున్న గడులను చూసి మధ్య విలువ అంచనా కట్టవచ్చు, కానీ కింది తీగల్లో 50 హెర్ట్జ్ రొద పక్కనే ఉండి ఆ అంచనాని లాగేస్తుంది. ఆటోకోరిలేషన్ (సిగ్నల్‌ని కాస్త జరిపి దానితోనే పోల్చడం) కుటుంబానికి చెందిన యిన్ అనే పద్ధతి 2002లో వచ్చింది. నీ పనికి అది సరిపోతుంది, కోడ్ కూడా చిన్నది. అందులో ఒక మెట్టు మాత్రం వదిలేయకు. 165 హెర్ట్జ్‌కి ఒక ఆవర్తనం 48.5 శాంపిల్స్. 48 అంటే 166.7 హెర్ట్జ్, 49 అంటే 163.3 హెర్ట్జ్, రెండింటి మధ్య 36 సెంట్ల తేడా. అందుకే మూడు బిందువుల గుండా పారాబొలా గీసి భిన్నంలో ఆవర్తనం తీసుకోవాలి. 1024 శాంపిల్స్ కిటికీ పెట్టుకుంటే అనుమంద్రానికి కూడా చాలినన్ని ఆవర్తనాలు దొరుకుతాయి. మీటిన వెంటనే తీగ కాస్త ఎక్కువ శ్రుతిలో ఉంటుంది కాబట్టి మొదటి 100 మిల్లీసెకన్లు వదిలేయి.

50 హెర్ట్జ్ రొదకి హైపాస్ తీసేసి నాచ్ పెట్టు. ముందు మైకు వైరును షీల్డ్ ఉన్నది వాడి, ఛార్జర్ తీసి చూడు. సగం అక్కడే పోవచ్చు.

ఇక నువ్వు అడిగిన సాఫ్ట్‌వేర్ల మాట. మ్యాట్‌ల్యాబ్‌ని తక్కువ చేయను. ఫిల్టర్ డిజైనర్‌లో మౌస్‌తో అంకెలు మార్చి పోల్స్, జీరోస్ ఎటు కదులుతున్నాయో చూసినంత తేలికగా వేరేచోట అర్థం కాదు. ఫిక్స్‌డ్-పాయింట్ డిజైనర్ టూల్‌బాక్స్ మీ లైసెన్సులో ఉంటే, ఎన్ని బిట్లు చాలో నేరుగా చూపిస్తుంది. ల్యాబ్‌లో ఉన్నంతసేపు దాన్ని నేర్చుకోవడానికి వాడుకో. ఇంటి నుంచి అయితే మ్యాట్‌ల్యాబ్ ఆన్‌లైన్‌లో నెలకు కొన్ని గంటలు ఉచితం, బ్రౌజర్ చాలు.

ఆక్టేవ్‌లో నీ మ్యాట్‌ల్యాబ్ కోడ్ చాలావరకు మార్పు లేకుండా నడుస్తుంది, సిగ్నల్ ప్యాకేజీని లోడ్ చేయడం మర్చిపోకపోతే చాలు. సిమ్యులింక్ లాంటిది అందులో లేదు. సైల్యాబ్‌లో ఎక్స్‌కాస్ అనే బ్లాకుల సదుపాయం ఉంది, ఐఐటీ బాంబే ఫాసీ బృందం దానికి మంచి పాఠాలు పెట్టింది. కానీ దాని కోడ్ రాసే తీరు వేరు, నీకున్న టైములో ఇంకో భాష నేర్చుకోవడం ఎందుకు?

పైథాన్ ఎందుకంటే మూడు కారణాలు ఒకేచోట కలుస్తున్నాయి. సైపైలో ఫిల్టర్ డిజైన్ అంతా ఉంది. ఆడాసిటీలో దాచిన వేవ్ ఫైలును నేరుగా చదువుతుంది. అన్నిటికంటే ముఖ్యం, నీ బోర్డులో ఉన్న అదే సీఎంసిస్-డీఎస్‌పీ లైబ్రరీని ఆర్మ్ సంస్థ పైథాన్ ప్యాకేజీగా కూడా ఇచ్చింది. సీఎంసిస్‌డీఎస్‌పీ అని పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. ఫ్లోట్ బైక్వాడ్, క్యూ15 బైక్వాడ్, ఆ సున్నాతో సహా, బోర్డు ముట్టుకోకుండా ల్యాప్‌టాప్‌లో పిలవొచ్చు. గుర్తు తప్పు, స్కేలు తప్పు, సున్నా మర్చిపోవడం, అన్నీ అక్కడే బయటపడతాయి. నీ 4 జీబీ ల్యాప్‌టాప్‌కి ఇదేమీ బరువు కాదు.

పని చేసే వరస ఇలా పెట్టుకో. సైపైలో ఫిల్టర్ తయారుచేసి, రికార్డింగ్ మీద నడిపి, వచ్చిన అవుట్‌పుట్‌ని ఒక ఫైలులో దాచు. అది నీ ప్రమాణం. తర్వాత అదే రికార్డింగ్‌ని 256 శాంపిల్స్ ముక్కలుగా కోసి, సీఎంసిస్ ఫంక్షన్‌కి ముక్క తర్వాత ముక్క ఇచ్చి, రెండింటినీ తీసివేసి తేడా గ్రాఫ్ గీయి. ముక్కల సరిహద్దుల దగ్గర టిక్కు టిక్కుమని స్పైకులు కనిపిస్తే, ఫిల్టర్ స్థితిని ప్రతి ముక్కకూ సున్నా చేసేస్తున్నావని అర్థం. తేడా గ్రాఫ్ సున్నా చుట్టూ సన్నగా ఉంటే అప్పుడు బోర్డులోకి వెళ్లు. అక్కడ కూడా ముందు మైకు వద్దు. రికార్డింగ్‌లో ఒక ముక్కను సీ యారేగా ఫ్లాష్‌లో పెట్టి, బోర్డు ఇచ్చిన జవాబుని సీరియల్ ద్వారా తెప్పించి మళ్లీ అదే ప్రమాణంతో పోల్చు. ఇదీ కుదిరాకే మైకు. అలా చేస్తే ఏ మెట్టు దగ్గర చెడిందో వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ఈ వరసలో ఒకటి తప్పకుండా మానేయాలి: ఫిల్ట్‌ఫిల్ట్. మ్యాట్‌ల్యాబ్, ఆక్టేవ్, సైపై మూడింటిలోనూ ఉంది, గ్రాఫులు ఎంతో అందంగా వస్తాయి. అది సిగ్నల్ మొత్తాన్ని ముందుకు ఒకసారి, వెనక్కు ఒకసారి నడుపుతుంది. బోర్డుకి రాబోయే శాంపిల్స్ తెలియవు కదా, అక్కడ అది కుదరదు. నీ కోడ్‌లో సిగ్నల్ మొత్తానికి సగటు తీసి తీసేయడం, గరిష్ఠ విలువతో భాగించడం ఉన్నా అదే సమస్య.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మైకు ఆంప్లిఫయర్, ఏడీసీ (మైకు సంకేతాన్ని అంకెలుగా మార్చే భాగం) ముందుండే ఆర్‌సీ ఫిల్టర్‌కి ఎల్‌టీస్పైస్ అనే సర్క్యూట్ సిమ్యులేటర్ చూడు. వీణ మీటులో 4 కిలోహెర్ట్జ్ పైన కూడా శక్తి ఉంటుంది. 32 కిలోహెర్ట్జ్‌లో శాంపిల్ చేసి, డిజిటల్‌గా వడకట్టి నాలుగో వంతుకి దించితే మైకు దగ్గర సాదా ఆర్‌సీ సరిపోతుంది. గ్నూ రేడియో గొప్ప సాఫ్ట్‌వేర్, కానీ అది రేడియో, కమ్యూనికేషన్ పనులకు. మీ జూనియర్లు ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ కొని ఎఫ్‌ఎం స్టేషన్ వింటామంటే దాన్ని చూపించు. వివాడో, ఎఫ్‌పీజీఏ దారి ఈ ప్రాజెక్టుకి అనవసరం, నీ ల్యాప్‌టాప్‌కి భారం కూడా. ఎప్పుడైనా వెరిలాగ్‌లో ఫిల్టర్ రాయాలనిపిస్తే ఐకారస్ వెరిలాగ్, జీటీకేవేవ్, కోకోటీబీ చాలు. అక్కడ కూడా ప్రమాణం ఫైలు పైథాన్‌దే. చాలా ల్యాబుల్లో కనిపించే 6713 డీఎస్‌పీ కిట్లు, కోడ్ కంపోజర్ స్టూడియో సిలబస్ ప్రయోగాలకు వాడుకో, ప్రాజెక్టుని దాని మీద పెట్టుకోకు.

శ్రుతి లెక్కలో ఒక మాట. గిటార్ ట్యూనర్ కోడ్ తెచ్చి పెడితే పంచమం 700 సెంట్ల దగ్గర చూపిస్తుంది. వీణకు కావాల్సింది షడ్జానికి మూడు బై రెండు, అంటే 702. షడ్జాన్ని వాయించేవాళ్లు ఎంచుకునేలా పెట్టి, తక్కినవి నిష్పత్తులతో లెక్కించు. తెర మీద ఇంగ్లిషు అక్షరాల బదులు స, ప అని చూపించు, వాడేవాళ్లు వీణ వాళ్లే కదా.

ఏ సిమ్యులేటరూ నీకు చూపించనిది ఒకటి మిగిలింది: గడియారం. యిన్ లెక్కలో శాంప్లింగ్ రేటు నేరుగా గుణించబడుతుంది. కోడ్‌లో 8000 అని రాసి బోర్డు నిజంగా 7990 తీసుకుంటుంటే ప్రతి స్వరంలోనూ 2 సెంట్ల తప్పు. ఎస్‌టీఎం32 లోపలి ఆర్‌సీ ఆసిలేటర్ మీద నడుపుతుంటే గది వేడి దగ్గరే ఒక శాతం వరకు అటూ ఇటూ ఉండొచ్చు, అది 17 సెంట్లు. క్లాక్ సెట్టింగుల్లో బయటి క్రిస్టల్‌ని ఎంచుకో. ఏడీసీని లూపులో డిలేతో కాకుండా టైమర్ ట్రిగ్గర్‌తో నడుపు. తర్వాత పౌనఃపున్యం రాసి ఉన్న ట్యూనింగ్ ఫోర్క్ మైకు దగ్గర పెట్టి ఎంత చూపిస్తోందో రాసుకో. మీ ఫిజిక్స్ ల్యాబ్‌లో అడిగి చూడు, అక్కడ ఉండే అవకాశం ఎక్కువ.